నారుమడిలో నీ ఎర్రచీర

కోడూరు

నాగేశ్వరమ్మ అక్క పాదాలకు తమ్ముడు నాంచారయ్య దణ్ణం. ఫోనులో అయితే తిట్లే గాని నా మాట వినవు కనక కార్డు రాస్తున్నాను.

నాన్న పొలం నేను అమ్మలేదు, అమ్మను. నీ చెవిన పడిన పుకారు పుట్టింది ఇలా. దివిసీమకు రైలు వస్తుందని ఇక్కడ బ్రోకర్లు గట్టుకొకడు తిరుగుతున్నారు. నారుమడి మీద పిట్టలు వాలకుండా నువ్వు వదిలేసిన ఎర్రచీర చింపి కర్రలకు కట్టాను. బందరు బ్రోకరొకడు అది చూసి కారాపి, "రైల్వేవాళ్లు జెండాలు పాతేశారాండీ?" అన్నాడు.

"నన్నడక్కండి, పైకి పొక్కితే బాగుండదు," అన్నాను.

"కొనే పార్టీలను తీసుకొస్తానండీ."

"ఈ మట్టి పుంతదారిలో కార్లు దిగబడిపోతాయి గదండీ," అని జాలిపడ్డాను.

పాపం, సొంత డబ్బుతో రోడ్డు నుంచి మన చేలో దాకా గ్రావెల్ తోలించాడు. పార్టీలు దిగేసరికి నారు పీకి నాట్లు వేయించేశాను, కర్రలూ తీసేశాను.

"జెండాలేవండీ?" అన్నాడు.

"నారుమడే లేనప్పుడు పిట్టల గుడ్డలెందుకండీ," అన్నాను. కృష్ణా జిల్లాలో పుట్టి నారుమడిని గుర్తుపట్టనివాడికి పొలాల వ్యాపారం దేనికి? ఈసారి ధాన్యం ట్రాక్టరు చేలోకే వస్తుంది.

బావగారి దగ్గు తగ్గిందా? మాగాయ జాడీ ఖాళీ అయితే పంపించు. వెన్నెలకు మేనమామ దీవెనలు.

అంచున కాస్త చోటుంది కనక ఇదీ రాస్తున్నాను. మన కాలవ మీద తూము కూడా విరిగింది. ఇంకో పాత ఎర్రచీర ఉంటే జాడీతో పాటు పంపు.