ఎర్రసిరాలో నా తడబాటు

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున దేవరయాంజాల్ వెళితే వదిన నీ నోటుబుక్కు ఇచ్చింది. "గీ రాతలు నాకు సమజ్ గావు తమ్మీ, నువ్వే ఉంచుకో" అంది.

పదేళ్లు నీ వేణువు పక్కన కంజీర వాయించాను. "జాజ్ మ్యూజిక్కైనా, ఆఫ్రికా తాళమైనా ముందుగాల అనుకునుడు లేదు, స్టేజీ మీదనే పుట్టాలె" అనేవాడివి. నేను నమ్మాను. తీరా ఈ నోటుబుక్కు తెరిస్తే, నువ్వు మాత్రం ప్రతి కచేరీకీ స్వరం స్వరం ముందే రాసుకున్నావు. ఇంత మోసమా?

ప్రతి పేజీలోనూ ఒకచోట ఎర్రసిరాతో రాశావు: "వేగం పెరిగితే తమ్ముడు తడబడ్తడు. దమ్ము తీస్కున్నట్టు ఆగాలె." ఇన్నేళ్లూ ఆ ఆగడం నీ ఊపిరి కోసమే అనుకున్నాను.

సాయంత్రం తూంకుంటలో కొత్త వేణువు కళాకారుడితో వాయించాను. వేగం పెరిగింది, తడబడ్డాను. అతను ఆగలేదు. అతను నిజంగానే ముందేమీ రాసుకోలేదు.