రోలర్ కింద అణిగిన కంకర

తోట కమిటీ సభ్యులకు,

తోటమాలి నలభై ఘనపుటడుగుల కంకర అమ్ముకున్నాడన్నది మీ అభియోగం. దానికి సమాధానం నేను చెప్పాలి. ఆ కంకర లెక్క వేసింది నేను.

గ్రంథాలయం ముందు బాట పొడవు వంద అడుగులు, వెడల్పు ఆరు, మందం నాలుగంగుళాలు. గుణించి, సరిగ్గా రెండు వందల ఘనపుటడుగులు తెప్పించమని రాశాను. తోటమాలి అడ్డం పడ్డాడు.

"చాలదమ్మా. రోలర్ తిరిగితే కంకర అణిగిపోతుంది. ఇంకో యాభై చెప్పండి."

"పెద్దాయనా, గడ్డం నెరిసినంత మాత్రాన గుణకారం మారదు" అన్నాను. మీరంతా నవ్వారు. పాపం, ఆయనా నవ్వాడు.

రోలర్ తిరిగాక మందం మూడంగుళాల చిల్లరే తేలింది. మీరు నా కాగితాన్ని నమ్మి మనిషిని అనుమానించారు. విద్యార్థులందరి ముందు ఆయన చేతనే బాటను ఆరుచోట్ల తవ్వించి, స్కేలు పెట్టించి, ఒక్కో గుంట దగ్గరా "ఇక్కడిది ఎంతకు అమ్మావురా?" అని అడిగారు. ఆయన భార్య పెంచుకునే పూలకుండీలను సైతం బోర్లించి వెతికారు. ఆపైన ఆయన్ను పనిలోంచి తీసేశారు.

లెక్క ఎక్కడ తప్పిందో మూడో గుంట దగ్గరే నాకు అర్థమైంది. మిగతా మూడూ తవ్వుతుంటే చూస్తూ నిలబడ్డాను. వాదనలో ఓడడం నాకు అలవాటు లేదు.

నిన్న పెట్టెలో నాలుగంగుళాల మందాన కంకర పోసి దిమ్మిసతో కొట్టాను. మూడుంబావుకు దిగింది. దొంగతనం జరగలేదు.

ఏ నోటితో ఆయన్ను ధర అడిగారో ఆ నోటితోనే, అంతమంది ముందే, ఆయన దొంగ కాడని చెప్పి మళ్లీ పనిలోకి పిలవండి. అయితే మొదట నన్ను మాట్లాడనివ్వండి.

మీ కమిటీ విద్యార్థి కార్యదర్శి