గోడలో కుండలు

ఏమోయ్, దగ్గు తగ్గింది, బెంగ పెట్టుకోకు. రావడం మాత్రం వారం ఆలస్యమవుతుంది, తప్పు నాదే.

మేం బాగుచేస్తున్న ఈ నూరేళ్ల టౌన్‌హాల్లో వేదికకు రెండు వైపులా గోడల్లో పిడికిలి పట్టేంత కన్నాలున్నాయి. పెచ్చులూడి పడ్డాయనుకుని ఒక వైపువన్నీ సున్నంతో నున్నగా పూడ్చేశాను. కాపలా తాత వచ్చి రెండు గోడల దగ్గరా చప్పట్లు కొట్టి చూశాడు. నేను ముట్టని గోడ ఖంగుమంది, పూడ్చిన గోడ మూగబోయింది. "ఎంత పని చేశావు మేస్త్రీ! వాటి వెనక కుండలున్నాయయ్యా. మాట ఆఖరి కుర్చీ దాకా పోయేది వాటివల్లే" అని తల పట్టుకున్నాడు.

కుండలు పగలకుండా ఒక్కొక్కటే తెరుస్తున్నాను. నిన్న సగం తెరిచాక, ఎవరూ లేరనుకుని వేదిక మీంచి మెల్లగా నిన్ను పిలిచాను. బాల్కనీ చివర అన్నం తింటున్న మావాళ్లందరూ "వస్తున్నానండీ" అని పలికారు!

నా ఉన్ని చొక్కా పంపించు. చిన్నదాని పన్ను ఊడిందా? అన్నట్టు, వంటింటి గోడ కన్నంలోంచి నువ్వు పొద్దస్తమానం పక్కింటి వదినగారితో కబుర్లాడుతున్నావని విసుక్కుని, దాన్ని పూడ్చమని మీ తమ్ముడికి చెప్పి వచ్చాను కదా. వద్దని చెప్పు.

పిల్లలకు ముద్దులు. వదినగారికి నా నమస్కారాలు ఆ కన్నంలోంచే చెప్పు.