ఆది ఫోటో

బుజ్జితల్లికి,

అమ్మ ప్రేమతో రాయునది. ఇక్కడ నేనూ నాన్నా బాగానే ఉన్నాం. నాన్న మోకాలు మాత్రం మెట్లు చూస్తే మొరాయిస్తోంది. నీ ఉత్తరం అందింది. చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాను.

నువ్వడిగినదానికి జవాబు రాస్తున్నాను. ఆపరేషన్ చేసి పై దవడ ముందుకు జరిపితే నీ ముందు పళ్ళు కలుస్తాయని, కానీ ముక్కు కింద కాస్త వెడల్పై, కొస కొంచెం పైకి లేస్తుందని డాక్టరమ్మ చెప్పిందన్నావు. లోపల కుట్టు వేసి దగ్గరికి లాగుతారట, అయినా అచ్చం మునుపటిలా ఉంటుందని మాటివ్వలేనందట. ఉన్నదున్నట్టు చెప్పినందుకు ఆవిడకి నా తరఫున దండం పెట్టు. చివర్లో నువ్వేమో, "అన్నయ్యదీ నాదీ ఒకటే ముక్కు కదా, నువ్వొద్దంటే మానేస్తానమ్మా" అని రాశావు. ఎంత మాట రాశావే!

ముందు నాకొక పిచ్చి ఆలోచన వచ్చింది. మా కుట్టు షాపుకి వచ్చేవాళ్ళు కొలతలకి పాత చొక్కా ఆదిగా ఇస్తారు కదా. అలా పోయిన మీ అన్నయ్య ఫోటో డాక్టరమ్మకి ఆదిగా పంపుదామని కవర్లో పెట్టాను. షాపు మాస్టారు చూసి అడిగితే సంగతి చెప్పాను.

"ఏమ్మా, ఆ పిల్ల ఒంటికి ఇంకొకరి ఆదా?" అన్నారు.

"ఇంకొకరేంటి మాస్టారూ, కవలలు. నా కడుపులో కలిసి పెరిగినవాళ్ళు."

"అయితే మాత్రం? తొడుక్కునేది ఆ పిల్లే కదా."

గుండీలు కుడుతూ కూర్చున్నాను. కాసేపు సూది కనపడలేదు.

ఇంకో మాట, నీకు చెప్పకూడదనుకున్నది. నువ్విక్కడున్నప్పుడు నైట్ డ్యూటీ చేసొచ్చి మధ్యాహ్నం పడుకుంటే దుప్పటి సర్దడానికి వచ్చేదాన్ని చూడు, "ఉక్కపోస్తోందమ్మా" అని విసుక్కునేదానివి. అది సర్దడం కాదే. దుప్పటి ముక్కు కిందదాకా లాగితే నోరు కనపడదు, అచ్చం వాడే పడుకున్నట్టుండేది. కాసేపు వాణ్ణి చూసుకుని వెళ్ళేదాన్ని. కోపం తెచ్చుకోకు. వాడు పోయాక ఈ రెండేళ్ళూ నన్ను నిలబెట్టింది ఆ కాసేపే. నీకు తెలియకుండానే నీ మొహం నాకిచ్చావు. నీ రుణం తీర్చుకోలేను తల్లీ.

కానీ వాడికి నీ ముక్కు సంగతి ఎప్పుడు పట్టింది? నీ పళ్ళే వాడి దిగులు. ఆపిల్ పండు కొరకలేవని, తను కొరికి ముక్క నీ చేతిలో పెట్టేవాడు. ఎంగిలిరా అని నేను తిడితే, "నా నోరు, దాని పొట్ట, మధ్యలో నీకేంటమ్మా?" అనేవాడు. వాడు పోయాక నువ్వు ఆ పండు ముట్టుకోవడమే మానేశావు. నేను చూడలేదనుకున్నావా?

చేయించుకో. ఫోటో కవర్లోంచి తీసి గోడకే తగిలించాను. వాపు తగ్గడానికి నెలలు పడుతుందన్నావు, తగ్గాకే వస్తానని కూర్చోకు. ఎలా ఉంటే అలా వచ్చెయ్. తలుపు తీసి నిన్నే చూస్తాను.

డాక్టరమ్మ ఇక కొరకొచ్చన్న రోజున ఒక పండు తెస్తాను. కొయ్యను, కత్తి దాచేస్తాను. మొదటి ముక్క నువ్వు కొరుక్కో. రెండోది కొరికి నా చేతిలో పెట్టు.

ఇట్లు,
ఇక దుప్పటి లాగని
మీ అమ్మ