గేటు పక్క కుర్చీ

మెదక్,
మంగళవారం.

నా మీద నిలువెల్లా కోపంతో ఉన్న మా స్నేహలత వదినకు, మీ కోడలి తల్లి భూలక్ష్మి నమస్కారాలు.

ఫోన్ చేస్తే ఎత్తరు కదా, అందుకే ఉత్తరం. చింపేస్తే మీ ఇష్టం, కానీ చివరిదాకా చదివి చింపండి. నాకు ఈరోజు కాళ్లు భూమ్మీద నిలవడం లేదు. పొద్దున మా ఖిల్లా మెట్లు సగం దాకా ఎక్కాను! చీర మీద తెల్ల బూట్లు వేసుకుని మరీ. మా ఆయన వెనకాల రొప్పుతూ, "జర మెల్లగ నడువ్! ఎవలతోనన్న పోటీ పెట్టుకున్నవా?" అని ఒకటే గోల.

మన గొడవంతా మెట్ల దగ్గరే కదా. ఆశ్రిత శ్రీమంతం మీ రెండో అంతస్తులో చేశారు. కన్నతల్లినై ఉండి నేను గేటు పక్క కుర్చీలో కూర్చుని, సారె పళ్ళాలు వేరేవాళ్లతో పైకి పంపాను. "మా ఇల్లు ఆమె కంటికి ఆనలేదు. ఇగ నా కోడలిని ఆమె ఇంటికి పురుటికెట్ల పంపుత?" అన్నారని తెలిసింది.

మీ తప్పేం లేదు. నేనే నిజం దాచాను వదినా. ఆ రోజు నాలుగు మెట్లు ఎక్కేసరికి దవడ గుంజింది, చెమటలు పట్టాయి, ఊపిరందలేదు. శుభకార్యంలో ఈ మాటెందుకని నవ్వు మొహం పెట్టుకుని కూర్చున్నాను. పిప్పిపన్ను అనుకుని మర్నాడు పళ్ల డాక్టరు దగ్గరికి పోయి, పీకెయ్యమని పట్టుబట్టాను. ఆయన నోరంతా చూసి, "ఎప్పుడు నొస్తదమ్మా?" అన్నాడు.

"మెట్లెక్కితే నొస్తది, కూసుంటే తగ్గుతది."

"పన్నుకు మెట్లెట్ల తెలుస్తయమ్మా? ముందుగాల గుండె చూపిచ్చుకోండ్రి" అని అప్పటికప్పుడు తరిమాడు.

ఛాతీలో నొప్పే లేదు, గుండెకేం రోగం అనుకున్నాను. ఆడవాళ్లకు ఒక్కోసారి అది దవడలోనో వీపులోనో వస్తుందట. ఉత్త ఆయాసం, వికారం, అలసట కూడా కావచ్చట. మనమేమో గ్యాస్ అని సోడా తాగి అంట్లు ముందేసుకుంటాం! హైదరాబాదులో స్టెంటు వేశారు. కడుపుతో ఉన్న పిల్ల బెదిరిపోతుందని, చుట్టాల పెళ్లికి పోయామని చెప్పించాను. అది విని మీకు ఇంకా మండి ఉంటుంది.

ఇప్పుడు చూడాలి నన్ను! ఉప్పు తగ్గించమన్నారని తొక్కు జాడీ మా చెల్లెలికి ఇచ్చేశాను. అప్పడాలు బంద్. బీపీ గోలీ మరవను. మా వాడ ఆడవాళ్లం పొద్దున్నే నడకకు పోతాం. ముచ్చట పెట్టుకుంటూ నడవాలి, ముచ్చట ఆగేంత ఆయాసమొస్తే ఆగిపోవాలి. అలా చేయమన్నది గుండె డాక్టరే, ముచ్చట్లకు మనకు కొదవా?

మెట్లెక్కడానికి కూడా ఆయన సరే అన్నాడు. ఆదివారం వస్తున్నాను. మీ మెట్లు నా కాళ్లతో ఎక్కి, మీకు బొట్టు పెట్టి, నా బిడ్డను పురుటికి పంపమని అడుగుతాను. కాదనకండి.

మీ వియ్యపురాలు
భూలక్ష్మి


నర్సాపూర్,
శుక్రవారం.

ఇన్నాళ్లూ నేను అపార్థం చేసుకున్న భూలక్ష్మి వదినకు,

చింపుదామనే విప్పాను. పన్ను సంగతి చదివి నవ్వాను. వీపు అన్న మాట దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. తడిబట్టల బకెట్ పట్టుకుని మేడెక్కితే నాకు రెండు రెక్కల మధ్య పట్టేస్తుంది. ఎండాకాలం నుంచి మీ బిడ్డతో బామ్ రాయించుకుంటున్నాను. నిన్న మీ అల్లుడు రాకేష్‌ను వెంటబెట్టుకుని దవాఖానకు పోయాను. ఈసీజీలో తేడా ఉందట, సోమవారం హైదరాబాదులో పరీక్షలట. "ఇప్పుడన్న వచ్చిండ్రు, మంచిగైంది" అన్నది డాక్టరమ్మ. అప్పటిదాకా మెట్లెక్కొద్దట, అందుకని రాకేష్ నా మంచం కింది గదిలో వేయించాడు. భయంగానే ఉంది. మీరు బూట్లేసుకుని ఖిల్లా ఎక్కడం తలచుకుంటే మాత్రం ధైర్యమొస్తోంది.

ఆశ్రితకు అన్నీ చెప్పాను. కాసేపు ఏడ్చి, "మీరిద్దరు ఒక్కతీరే ఉన్నరు అత్తమ్మా! పాణం మీదికొచ్చినా చెప్పరు" అని నన్ను తిట్టింది. తర్వాత బట్టల సంచి సర్దుకుంది. సంతోషంగా తీసుకుపోండి. బిడ్డ పుట్టాక నేనూ మెదక్ వస్తాను. మీ నడక జట్టులో నా పేరు కలపండి, తెల్ల బూట్లు నాకూ కావాలి!

ఒక్కటే మనవి. ఆదివారం మీరు పైకెక్కితే అక్కడ నేనుండను. గేటు పక్కన, మీరు ఆ రోజు కూర్చున్న కుర్చీలోనే ఉంటాను. లేచి ఎదురు రాలేదని మీరు అలగొద్దు వదినా. పక్కనే మీకూ ఒకటి వేయిస్తాను.

మీ
స్నేహలత