ఎడమ చేతి గాజులు

అత్తా,

ఎలా ఉన్నావని అడగను గానీ, నువ్వు వెళ్ళిపోయి రెండేళ్ళు దాటింది. నీ మనవరాలికి ఆడపిల్ల పుట్టింది. అచ్చం నీ ముక్కే. ఈ మంచి కబురుతోనే ఆపేద్దామనుకున్నాను... మిగతాది చెప్పడానికి సిగ్గుగా ఉంది.

నా రొమ్ము ఆపరేషన్ తర్వాత ఏ పేరంటానికెళ్ళినా, గాజులు తొడిగేచోట నువ్వే అడ్డం నిలబడేదానివి. ఎడమ చంకలో గడ్డలు కూడా తీసేశారు, ఆ చేతికి బిగుతుగా ఏదీ వెయ్యకూడదని నీకు తెలుసు. వాళ్ళకి మాత్రం కారణం చెప్పేదానివి కాదు.

"కుడిసెయ్యి సాల్దేటి మీకు? దాని ఎడంసేతి జోలికెల్లకండి" అనేదానివి. నిన్ను ఎదురడిగే ధైర్యం ఎవరికుంది?

దాంతో నాకు నోరు విప్పే పనే పడలేదు.

కశింకోటలో నీ కూతురింట్లో నీ మనవరాలి సీమంతం చేశారు. గాజులాయన కుడిచేతికి తొడిగి, ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. వద్దంటే ఎందుకంటారు. మనం అందరికీ గర్భసంచి ఆపరేషనని చెప్పుకున్నాం కదా... దానికీ చేతికీ ఏం సంబంధం? పైగా కడుపుతో ఉన్న పిల్ల ఎదురుగా ఆ జబ్బు పేరెత్తనా? చెయ్యి వదిలేశాను. నొక్కి నొక్కి డజను ఎక్కించాడు.

సాయంత్రానికి చెయ్యి ఉబ్బింది. సబ్బు రాసినా గాజులు జారలేదు. మొగుడుండగా గాజులు పగలగొట్టుకోవడమేమిటని, మర్నాటిదాకా కొంగు కప్పుకుని తిరిగాను. ఎవరి కోసం అత్తా?

చివరికి నీ కొడుకే చూశాడు. గుడ్డ చుట్టి, కటింగ్ ప్లేయర్‌తో ఒక్కొక్కటీ చిట్లగొట్టాడు. పెంకు గీసుకుంటుందేమోనని ప్రతి ముక్కా వేళ్ళతో ఏరి తీశాడు. తిట్టినా బాగుండేది.

ఆసుపత్రిలో కొన్నాళ్ళు కట్లు కట్టి, తర్వాత కొలత తీసి, చెయ్యంతా ఒకే తీరుగా పట్టి ఉంచే తొడుగు ఇచ్చారు. గాజుల వల్లేనా అంటే కచ్చితంగా చెప్పలేమన్నారు. వాపు పూర్తిగా పోకపోవచ్చట, పెరగకుండా చూసుకోవాలట.

ఆదివారం బారసాల. ఆ ఆడవాళ్ళే వస్తారు. జ్వరమని మానేద్దామని కూడా అనుకున్నాను.

వెళ్తాను. పిల్లని నా ఒళ్ళో పెడతారు, ఆ చేతికి అదేమిటని అడుగుతారు. గర్భసంచి కాదు, రొమ్ముకి కేన్సరొచ్చిందని చెబుతాను. అది విని పిల్లని నా ఒళ్ళోంచి తీసేసుకుంటారేమో...

ఏడుపొస్తే ఏడుస్తాను. చెయ్యి మాత్రం కొంగు కింద పెట్టను.

నీ కోడలు