బట్టల కింద నీళ్ల సీసా

అక్కా,

నువ్వు కొనిచ్చిన నీళ్ల సీసా పోయిందని అబద్ధం చెప్పాను. అది నా పెట్టెలో బట్టల కింద ఉంది. సెలవుల్లో "పెదాలేంటే ఇలా పగిలాయి?" అని అడిగావు. చలికి అన్నాను. చలికి కాదు.

మా కాలేజీలో క్లాసులున్న భవనంలో బాత్రూం వరండా చివర, మెట్లు దిగితే ఉంది. దిగినా ఆ తలుపులో నా చక్రాల కుర్చీ పట్టదు. అందుకే పొద్దున లేచింది మొదలు హాస్టల్‌కి తిరిగొచ్చేదాకా గుక్కెడు నీళ్లు కూడా తాగను. మధ్యాహ్నానికి బోర్డు మీద అక్షరాలు ఈదుతుంటాయి. మొన్న వచ్చిన జ్వరం కూడా దీనివల్లేనని డాక్టరమ్మ తిట్టింది. ఎవరికి చెప్పను? చిన్నప్పుడు క్రైస్తవ సిస్టర్ల స్కూల్లో క్లాసు మధ్యలో లేవడానికే సిగ్గుపడేదాన్ని.

ఇక్కడ అందరూ "ఈ అమ్మాయి నవ్వు చెరగదు" అంటారు. సైకాలజీ మేడమ్ పిలిచి, కొత్త విద్యార్థుల సభలో మనోబలం గురించి మాట్లాడమన్నారు. "నిన్ను చూస్తే వాళ్లకి ధైర్యం వస్తుందమ్మా." తలూపి వచ్చేశాను.

నిన్న కొత్తగా చేరిన ఒక అమ్మాయి చేతికర్రలతో నా దగ్గరికి వచ్చింది. "మీరు రోజంతా ఎలా నెట్టుకొస్తారక్కా?" అంది. నీళ్లు తాగడం మానెయ్ అని చెప్పనా? సభకి ముందే ఇంటికి వచ్చేస్తాను. ఇక చదవను. నాన్నకి నువ్వే చెప్పాలి.

నీ చెల్లి

ఒసేయ్ మొద్దూ,

కుట్టుమిషన్ మీద నుంచి లేచి రాస్తున్నా. రావాలనిపిస్తే వచ్చెయ్, నాన్న సంగతి నేను చూసుకుంటా. కానీ ఆ పిల్లకి ఏం చెప్పి వస్తావో ముందు నాకు రాయి. సీసా దాచినదానివి, నన్నయినా నమ్మలేదేమే?

మీ అక్క

అక్కా,

ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తేలక రాలేకపోయాను.

సభ రోజు కుర్చీతో సహా నన్ను వేదిక మీదికి ఎత్తారు. నా రూమ్మేట్ కిందనుంచి "పల్లకీ బాగుందే, పెళ్లికొడుకేడీ?" అని అరిచింది. రాసుకున్న కాగితం మడిచి ఒళ్లో పెట్టుకున్నాను. మేడమ్ నీళ్ల గ్లాసు జరిపి "తాగమ్మా" అన్నారు. ముందు వరసలో ఆ అమ్మాయి కూర్చుని ఉంది. ఆమె పెదాలూ పగిలి ఉన్నాయి.

గ్లాసు ఖాళీ చేశాను.

"ఇప్పుడు నీళ్లు తాగాను. కాసేపట్లో బాత్రూంకి వెళ్లాలి. ఇక్కడ నేను ఎక్కడికి వెళ్లాలో ఎవరైనా చెప్పండి" అన్నాను. మైకులో! వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాకు చెవులదాకా వేడెక్కింది.

ప్రిన్సిపాల్ గారు "ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నారు.

"సిగ్గేసింది సార్. అడక్కుండానే ఉంటుందనుకున్నాను."

ఆయన జేబులోంచి తన గదిలోని బాత్రూం తాళంచెవి తీసి నాకిచ్చారు. అక్కడ మెట్లు లేవు, తలుపు వెడల్పు.

నేను బయటికి వచ్చేసరికి ఆ అమ్మాయి నిలబడి ఉంది. "అక్కా, నేనూ వెళ్లొచ్చా?" అంది, వినీ వినపడనట్టు. ఆమె పుస్తకాల సంచి ఒళ్లో పెట్టుకుని తలుపు బయట కాపలా కూర్చున్నాను.

కొత్త బాత్రూం కట్టిస్తామన్నారు. కడతారో లేదో. తాళంచెవి అడగడానికి రోజూ ఆ గదికి వెళ్లాలంటే ఇప్పటికీ సిగ్గే. అయినా అడుగుతున్నాను. ఈ ఉత్తరం క్లాసులోనే రాస్తున్నాను. సీసా బల్ల మీదుంది. సగం ఖాళీ చేశాను.

నీ మొద్దు